మినహాయింపు లేకుండా

ఆ ఇంట్లో కొన్నాళ్ళుగా భోజనాల బల్ల మీద భోజనాలు సాగడం లేదు. బల్ల నిండా ఆరోగ్యబీమా కంపెనీల రంగురంగుల కరపత్రాలు. ఒక్కోదాని మీద పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న ఒక్కో కుటుంబం. అసలు కుటుంబం మాత్రం కంచాలు ఒళ్ళో పెట్టుకుని సోఫాలో వరసగా కూర్చుని, మెడలు సాచి బల్ల వైపు చూస్తూ, "ఆ నీలంరంగుదాంట్లో కళ్ళద్దాలు కూడా ఇస్తారట కదా?" అని ఒకరినొకరు అడుగుతూ తింటోంది. పిల్లకు సంబంధాలు చూసే ఇంట్లో ఫొటోలు తిరగేస్తున్నంత సందడిగా ఉంది.

సందడికి కారణం లేకపోలేదు. ఆ ఇంటాయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పేటలో అందరూ లిఫ్టాయన అనే అంటారు. తను పనిచేసే కంపెనీ మూతపడబోతోందని తెలియగానే గుండె జారిపోవలసిందిపోయి ఆయనకు రెక్కలొచ్చాయి. "ఇక ఒకడి కింద చేసేది లేదు. నా పనిముట్లు, నా బండి, నా బేరాలు" అన్నాడు. పరాయి దేశం కాబట్టి, సొంతపని పెట్టుకోవాలంటే అందుకు వేరే నివాస అనుమతి కావాలి. అది చేతికొస్తే ఏడాదికోసారి ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగే బాధ ఉండదు. ఒకేసారి ఐదేళ్ళకు ముద్ర వేసేస్తారు. అయితే ఒక మెలిక ఉంది. ఇంట్లో ప్రతి మనిషికీ ప్రైవేటు ఆరోగ్యబీమా ఉండాలి. ఏదో ఒక బీమా ఉంటే చాలదు. ఫలానా జబ్బుతో మాకు సంబంధం లేదు అనే మినహాయింపులు అందులో ఉండకూడదు. కొన్నాళ్ళు ఆగితేగానీ వర్తించదనే గడువులు ఉండకూడదు.

"చూడండి, ఇది చవకది" అంది ఇంటికొచ్చిన బీమా ఏజెంటమ్మ ఆ సాయంత్రం, ఎర్ర కరపత్రాన్ని రెండు వేళ్ళతో ఎత్తి. "దీని మొహం చూసి మోసపోకండి. డాక్టరు దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ సగం మీరే పెట్టుకోవాలి. అనుమతుల ఆఫీసువాళ్ళు దీన్ని చూడగానే అవతల పడేస్తారు."

"పనికిరానిదాన్ని అమ్మడమెందుకమ్మా?" అంది లిఫ్టాయన తల్లి.

"కొనేవాళ్ళుంటారు కదా, పెద్దమ్మగారూ."

ఆ పెద్దావిడ ఆడపిల్లల బడిలో జీవితమంతా ఆటలు నేర్పిన మనిషి. కొడుకు దగ్గరికి వచ్చి ఏళ్ళయినా ఇంకా టీచరమ్మే. కూర్చున్నా నిటారుగానే కూర్చుంటుంది. పక్కవాళ్ళు వంగి కూర్చుంటే వీపు మీద ఒక్కటిస్తుంది.

"రెండోది ఫరవాలేదుగానీ, మొదటి ఆరునెలలూ ప్రమాదం జరిగితే తప్ప ఆసుపత్రి ఖర్చివ్వరు. అదీ ఆఫీసులో చెల్లదు. వీటిల్లో ఇక మిగిలింది ఇదొక్కటే." ఏజెంటమ్మ ఆకుపచ్చ కరపత్రాన్ని బల్ల మధ్యకు జరిపింది. "పంటినొప్పి నుంచి గుండె ఆపరేషను దాకా అంతా వాళ్ళదే. మొదటిరోజు నుంచే. కాకపోతే వీళ్ళ డాక్టరు మిమ్మల్నందర్నీ ఒకసారి చూస్తాడు. పెద్దమ్మగారి వయసెంత?"

"డెబ్బై" అంది టీచరమ్మ, పరుగుపందెంలో మొదటి బహుమతి వచ్చినట్టు.

ఏజెంటమ్మ పెన్ను ఆగింది. "డెబ్బై దాటితే తీసుకోరండీ."

"దాటలేదమ్మాయ్. ఇంకా గీత మీదే ఉన్నాను."

అందరూ నవ్వారు. కోడలు కూడా నవ్వింది. కానీ ఆమె చూపు కరపత్రం వెనకపక్క చిన్న అక్షరాల మీదే ఉంది. ఆమెది సోఫాలూ కుర్చీలూ బాగుచేసే పని. చొక్కా కాలరుకు వంకర సూది ఒకటి గుచ్చుకుని అలాగే ఇంటికొచ్చేస్తుంది. అది చూసి అత్తగారు పెట్టిన పేరే సూదమ్మ. ఆ పేరే ఇంటా బయటా నిలిచిపోయింది.

"పాత దెబ్బలేమైనా ఉంటే ఏమంటారండీ?" అంది సూదమ్మ.

"ఎవరికున్నాయి?"

సూదమ్మ భర్త వైపు చూసింది. లిఫ్టాయన కరపత్రం మీద నవ్వుతున్న కుటుంబాన్ని అంత శ్రద్ధగా అంతకుముందెప్పుడూ చూడలేదు.

"ఎవరికీ లేవు" అన్నాడు. "ఊరికే అడుగుతోంది. మా అమ్మ వయసు ఒక్కటే మాకు బెంగ. ఆవిడ గట్టెక్కితే మేమంతా గట్టెక్కినట్టే."

*

మర్నాటి నుంచి ఇల్లు వ్యాయామశాల అయిపోయింది. తన మూలంగా పిల్లల పని చెడిపోయిందనే మాట పడకూడదని టీచరమ్మ పంతం పట్టింది. తెల్లవారకముందే లేచి మేడమెట్లు ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. టీలో పంచదార మానేసింది. మానేసిందన్న సంగతి ఎవరూ మరిచిపోకుండా ప్రతి గుక్కకీ మొహం చిట్లించేది. కొడుకునూ కోడల్నీ బాల్కనీలో నిలబెట్టి చేతులు పైకెత్తించేది.

"ఊపిరి పీల్చు. ఆపు. వదులు. నువ్వేంట్రా, సగంలోనే దించేశావ్?"

"ఆఫీసుకు టైమవుతోందమ్మా."

"మూతపడే ఆఫీసుకు అంత తొందరెందుకు? ఇప్పుడు వంగి కాలివేళ్ళు ముట్టుకో."

లిఫ్టాయన మోకాళ్ళదాకా వంగి ఆగిపోయాడు. మొహం మీద నవ్వు అలాగే ఉంది గానీ పెదవుల రంగు మారింది. సూదమ్మ చటుక్కున "అత్తయ్యా, పొయ్యి మీద పాలు" అంది. టీచరమ్మ వంటింట్లోకి పరిగెత్తింది. పొయ్యి మీద పాలూ లేవు, నీళ్ళూ లేవు.

"దెబ్బ సంగతి చెప్పేద్దామండీ" అంది సూదమ్మ మెల్లగా, భర్త మోచెయ్యి పట్టుకుని లేపుతూ.

"ఏమని చెప్తావ్? లిఫ్టు గోతిలో పడ్డానని ఎక్కడైనా రాసుందా? కంపెనీవాళ్ళు ఓ పళ్ళబుట్ట పంపించి, రెండువారాలు సెలవిచ్చి, కాగితం మీద పడనివ్వలేదు. వాళ్ళు లేదన్నప్పుడు నేను ఉందని ఎందుకనాలి? అయినా తగ్గిపోయింది."

తగ్గలేదని ఇంట్లో ముగ్గురికీ తెలుసు. చలికాలం ఉదయాల్లో సాక్సులు వేసుకోవడానికి ఆయన మంచం అంచున కూర్చుని ఒక్కో కాలినీ చేత్తో ఎత్తి పెట్టుకోవడం సూదమ్మ రోజూ చూస్తూనే ఉంది.

బీమా డాక్టరు గది ఒక పెద్ద భవనంలో ఉంది. టీచరమ్మ లిఫ్టు వద్దని మెట్ల మీదుగానే వచ్చింది. వస్తూనే, ఒళ్ళు వేడిగా ఉన్నప్పుడే నాడి చూడమని చెయ్యి చాచింది. డాక్టరు నాడి పట్టుకున్నాడు, గుండె విన్నాడు, రక్తం తీయించాడు, ఒంటికాలి మీద నిలబడమన్నాడు. ఆవిడ నిలబడి, "రెండో కాలు మీద కూడా చూస్తారా?" అంది.

డాక్టరు నవ్వేశాడు. "అక్కర్లేదండీ. మీకేం? ఇంకో ఇరవయ్యేళ్ళు మెట్లెక్కుతారు."

ఆ మాటకు టీచరమ్మ మొహం చాటంతయింది. కొడుకు వైపు తిరిగి చూసింది, కోడలి వైపు చూసింది. ఇన్నాళ్ళూ తనమీద ఉన్న బరువంతా ఒక్కసారిగా దిగిపోయింది. బరువు దిగితే మనిషి నోరు తేలికవుతుంది.

"నాకేం లేదని నాకు తెలుసు డాక్టరుగారూ. ఎలాగూ మీరు పెద్ద డాక్టరు కదా, మావాడి నడుము కాస్త చూసి పెట్టండి. లిఫ్టు గోతిలో పడ్డప్పటినుంచీ వంగలేకపోతున్నాడు. ఎవరికీ చూపించుకోడు."

లిఫ్టాయన కళ్ళు మూసుకున్నాడు. డాక్టరు నవ్వు పోలేదుగానీ, మూసేసిన పెన్ను మూత మళ్ళీ తీశాడు.

"ఎప్పుడు పడ్డారు?" అన్నాడు.

*

జవాబు తొందరగానే వచ్చింది. టీచరమ్మకు ఏ అభ్యంతరమూ లేదు. సూదమ్మకు లేదు. లిఫ్టాయనకు మాత్రం 'వెన్నెముకకూ నడుముకూ సంబంధించిన సమస్తమూ మినహాయింపు' అని రాసింది కంపెనీ. నడుము మినహాయిస్తే ఆ పాలసీ అనుమతుల ఆఫీసులో చిత్తుకాగితం. అసలు దరఖాస్తుదారుడే లిఫ్టాయన. ఆయన కాగితం చెల్లకపోతే మిగతా ఇద్దరివీ చెల్లవు.

ఏజెంటమ్మ కంగారు పడలేదు. అలాంటివి రోజుకు ఎన్నో చూస్తుంది. "ఇంకో కంపెనీ ఉంది. ఇంచుమించు ఇదే పాలసీ. డాక్టరు పరీక్ష లేదు, ప్రశ్నలే. పాత దెబ్బలున్నాయా అన్నచోట లేవని టిక్కు పెట్టండి. అంతా అదే చేస్తారు. ఏం మించిపోలేదు" అంది. గుమ్మం దాటుతూ, "ఈసారి సంతకాలకొచ్చేటప్పుడు పెద్దమ్మగారిని ఇంట్లోనే ఉంచండి" అని గొంతు తగ్గించి అంది.

పెద్దమ్మగారు తలుపు వెనకే ఉంది. వినపడింది.

ఆ పూట టీచరమ్మ అన్నం ముట్టలేదు. తిట్టినా బాగుండేది. కొడుకు తిట్టలేదు.

"తల్లినిరా. నొప్పంటే డాక్టరుకు చెప్పాలనుకున్నానుగానీ అతను కంపెనీ మనిషన్న సంగతే అప్పుడు తోచలేదు."

"నిన్నెవరేమన్నారమ్మా? నువ్వు చెప్పింది నిజమే కదా." లిఫ్టాయన కొత్త కంపెనీ కాగితాలు ముందు పెట్టుకుని పెన్ను విదిలించాడు. "ఇప్పుడు నేను రాసేదే అబద్ధం."

సూదమ్మ వచ్చి కాగితం మీద అరచెయ్యి పెట్టింది. సుత్తి దెబ్బలు తిని గట్టిపడిన చెయ్యి. దాని కింద గడులన్నీ మూసుకుపోయాయి.

"చెయ్యి తియ్యి."

"తియ్యను. ఇప్పుడు లేదని రాస్తారు. రేపు మీరు మళ్ళీ ఎక్కడో పడతారు. నేను ఆసుపత్రికి మోసుకెళ్తాను. వాళ్ళు ఈ కాగితం తీసి, పాత దెబ్బ దాచారు కాబట్టి మాకేం సంబంధం లేదంటారు. అప్పుడు బీమా పోతుంది, అబద్ధం రాశారని అనుమతీ పోతుంది. అన్నిటికన్నా మీ నడుము పోతుంది. ఆ పాలసీ మనకెందుకండీ? గోడకు తగిలించుకోడానికా?"

"అయితే ఏం చెయ్యమంటావ్? పెట్టె సర్దుకోమంటావా?"

సూదమ్మ చెయ్యి తీయలేదు. లిఫ్టాయనే పెన్ను మూత పెట్టేశాడు.

*

మర్నాడు దుకాణంలో ఆమె ఒక పాత కుర్చీ మేకులు ఊడబీకుతోంది. కొస చీలిన పనిముట్టు మేకు తలకింద దూర్చి కొయ్యసుత్తితో ఒక్క తట్టు తట్టడం, మేకు ఎగిరి రేకు డబ్బాలో పడడం. రోజూ ఒకే తాళంలో సాగే ఆ చప్పుడు ఇవాళ ఎడాపెడా వినిపిస్తోంది. దుకాణం మేస్త్రి కాసేపు విని, చేతిలో కత్తెర బల్లమీద పెట్టాడు.

"ఆ కుర్చీ నిన్నేమందమ్మాయ్?"

సూదమ్మ చెప్పింది. ఆపకుండా చెప్పింది. లిఫ్టు గొయ్యి, పళ్ళబుట్ట, అత్తగారి ఒంటికాలు, ఏజెంటమ్మ టిక్కు, అన్నీ.

మేస్త్రి అంతా విని, "మీ ఆయనకు నడుము లేదంటున్నారు, బాగానే ఉంది. మరి నీకేమైంది?" అన్నాడు.

"నాకేమవుతుంది? నేను బాగానే ఉన్నాను."

"నీ పేరుమీద అడగొచ్చు కదా అంటున్నాను. సొంతపని ఆయనే చెయ్యాలని ఎక్కడుంది? నేను వచ్చే నెల ఈ దుకాణం తాళం ఎవరికివ్వాలా అని చూస్తున్నా. కళ్ళు కనపడక సూదిలో దారం నీచేతే ఎక్కించుకుంటున్నా కదా. అద్దె నువ్వు కట్టుకో. మా చేతిపనులవాళ్ళ సంఘంలో చేరు. సంఘం బీమా ఉంది. అందరం కలిసి వేసుకునే గంప అది. ఎవరి పండుకు మచ్చ ఉందో చూడరు. సభ్యులకూ వర్తిస్తుంది, ఇంట్లోవాళ్ళకూ వర్తిస్తుంది. మొదటిరోజు నుంచే."

సూదమ్మ చేతిలో సుత్తి అలాగే ఉండిపోయింది. "ఆఫీసువాళ్ళు ఒప్పుకుంటారా?"

"మీలాగే బయటిదేశం నుంచి వచ్చిన పక్కవీధి తాళాలాయన దాంతోనే అనుమతి తెచ్చుకున్నాడు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వడిగావా? ఎప్పుడూ మా ఆయన అనుమతి, మా ఆయన బీమా అనేదానివి. మధ్యలో నాకెందుకని ఊరుకున్నా. కానీ ఊరికే చేర్చుకోరమ్మాయ్. మొదటినుంచి చివరిదాకా నువ్వే చేసిన పని ఒకటి చూపించాలి. ఇద్దరు పెద్దలు వచ్చి చూస్తారు."

ఆమె కళ్ళు దుకాణం మూలకు పోయాయి. ఎవరో వదిలేసి వెళ్ళిన చేతుల కుర్చీ అక్కడ పడి ఉంది. కడుపు చిరిగి స్ప్రింగులు బయటికి వచ్చి, వాన నీళ్ళు తాగి, దుమ్ము కొట్టుకుని ఉంది. వచ్చిన రోజునుంచీ దానిమీద ఆమెకు మనసుంది. సూదమ్మకు ఒళ్ళంతా జివ్వుమంది. చిన్నప్పుడు ఆటలో తన వంతు వస్తున్నప్పుడు అలా అయ్యేది.

ఇంట్లో ఆ మాట చెప్పగానే ముందు ఎగిరి గంతేసింది టీచరమ్మ. "మా సూదమ్మ ఓనరమ్మ! చెప్పలేదట్రా నేను, కోడలే మనకు దారి చూపిస్తుందని?" ఆవిడ ఎప్పుడూ అలా చెప్పలేదు.

లిఫ్టాయన గ్లాసులో నీళ్ళు తాగాడు. ఖాళీ అయ్యాక కూడా గ్లాసు నోటి దగ్గరే ఉంచుకున్నాడు.

"అంటే" అన్నాడు చివరికి, "నేను నీ కాగితంలో ఎక్కాలన్నమాట. నీమీద ఆధారపడ్డవాడినని."

"ఇన్నేళ్ళూ నేను మీ కాగితంలో లేనా?"

"అది వేరు."

"ఎలా వేరండీ?"

ఆయన గ్లాసు కిందపెట్టి, లేచి బాల్కనీలోకి వెళ్ళాడు. సూదమ్మ వెనకాలే వెళ్ళలేదు. రేపు పొద్దున్నే ఆ కుర్చీ అడుగున పట్టీలు లాగాలి. దానికి మంచి జనపనార పట్టీలు కావాలి.

పనిలో పడ్డాక ఆమెకు మరేదీ గుర్తులేదు. కుర్చీని చెక్క దాకా ఒలిచింది. పాత గుడ్డ, పాత పీచు, ఎవరో ఎప్పుడో కుక్కిన పేపరు ముక్కలు అన్నీ తీసేసింది. వదులైన కీళ్ళకు జిగురు పెట్టి బిగించింది. ఆ తరవాత పట్టీలు. ఒక కొసకు మేకులు కొట్టి, రెండో కొస పళ్ళున్న లాగుడుచెక్కకు తగిలించి, మోకాలితో ఫ్రేమును అదిమిపెట్టి లాగితే, పట్టీ బిగిసి, వేలితో మీటితే డోలులా మోగాలి. మోగితేనే మేకు. మోగకపోతే మళ్ళీ మొదటికి. నిలువు పట్టీలు, వాటిలో పైకీ కిందికీ అల్లుకుంటూ అడ్డపట్టీలు. వాటిమీద స్ప్రింగులు నిలబెట్టి, వంకర సూదితో ఒక్కోదాన్నీ కుట్టి, అన్నిటినీ ఒకదానితో ఒకటి తాళ్ళతో ఎనిమిది వైపులా కట్టడం. ఒక్క ముడి వదులైతే కూర్చున్నవాళ్ళు ఒకవైపుకు ఒరిగిపోతారు.

మేస్త్రి ఒక్కసారి చెయ్యి చాచబోయి, "ఉహూఁ, నీదే, నీదే" అంటూ వెనక్కి తీసుకున్నాడు. ఆ తరవాత పెద్దాయన చేతులు జేబుల్లో పెట్టుకుని వీధిలో పచార్లు చేశాడు.

ఆఖరి వరస తాళ్ళు ముడివేస్తుండగా గుమ్మంలో నీడ పడింది. లిఫ్టాయన. కంపెనీలో ఆఖరిరోజు ముగించుకుని పనిముట్ల సంచితో వచ్చాడు. సంచి గుమ్మంలోనే దించి, చూస్తూ నిలబడ్డాడు. అంత దగ్గరగా భార్య పని ఆయన ఎప్పుడూ చూడలేదు. సాయంత్రం వచ్చి బయటినుంచే హారను కొట్టేవాడు. ఆమె చేతులు కడుక్కుని వచ్చేది.

"ఆ ముడి ఏంటి?" అన్నాడు.

"జారనిముడి. బరువు పడేకొద్దీ బిగుస్తుంది."

"మా తీగలకు కూడా ఇలాంటిదే వేస్తాం." ఆయన దగ్గరికొచ్చి వేలితో తాడును మీటాడు. వింటున్నట్టు తల వంచాడు. "బరువంతా ఒక్కదానిమీదే పడకుండా పంచావు."

"పంచకపోతే ఎలాగండీ? ఒక్కటే మోస్తే అదే ముందు పోతుంది."

లిఫ్టాయన ఆమె మొహంలోకి చూశాడు. ఆమె ఏదో మనసులో పెట్టుకుని అన్న మాట కాదు. ఆమె ధ్యాసంతా తాళ్ళ మీదే ఉంది. అందుకేనేమో ఆ మాట నేరుగా పోయి తగిలింది. ఆయన చొక్కా చేతులు మడిచి, "నేను చెయ్యగలిగిందేమన్నా ఉంటే చెప్పు. పని కాదులే, అది నువ్వే చెయ్యాలట కదా. ఊడవమంటే ఊడుస్తా" అన్నాడు.

"వంగకూడదు మీరు."

"పొడుగు చీపురు లేదా?"

ఉంది. ఊడ్చాడు.

*

సంఘం పెద్దలు ఒక ఆడమనిషీ, ఒక మగమనిషీ వచ్చారు. ఆవిడది బుట్టలల్లే పని, ఆయనది చెక్కపని. ముదురాకుపచ్చ గుడ్డ తొడుక్కుని కుర్చీ దుకాణం నడుమ నిలబడి ఉంది. అంచు వెంబడి ఇత్తడి మేకులు చీమలబారులా సాగాయి. చెక్కపనాయన దాన్ని పొట్టమీదికి తిప్పి, పట్టీలు మీటి చూశాడు. బుట్టలావిడ అంచు కుట్టు వెంట గోరు నడిపించుకుంటూ పోయి ఒకచోట ఆగింది.

"ఇక్కడ గుడ్డ ఒక పిసరు లాగింది."

"అవునండీ. మొదట మేకు కొట్టిన చోటు అదే. చెయ్యి తొందరపడింది."

"ఎందుకు?"

"సంతోషానికండీ."

బుట్టలావిడ నవ్వి, తిన్నగా కుర్చీలో కూర్చుంది. వెనక్కి వాలింది. కళ్ళు మూసుకుంది. లేవలేదు. చెక్కపనాయన దగ్గాడు. అయినా లేవలేదు. "నువ్వు రాసుకోవయ్యా, నేను వింటూనే ఉన్నాను" అంది కళ్ళు తెరవకుండానే. గోడవారగా నిలబడ్డ టీచరమ్మ చప్పట్లు కొట్టేసింది.

సంఘం సభ్యత్వం వచ్చింది. సంఘం బీమా కాగితం వచ్చింది. సూదమ్మ పేరు, దాని పక్కన భర్త పేరు, అత్తగారి పేరు. మినహాయింపులు అన్నచోట ఒక అడ్డగీత. ఆ గీతను ముగ్గురూ వంతులవారీగా చూశారు. టీచరమ్మ మళ్ళీ టీలో పంచదార వేయించుకుంది.

అనుమతుల ఆఫీసులో పిలుపు రాగానే అలవాటుకొద్దీ లిఫ్టాయన లేచి కిటికీ దగ్గరికి నడిచాడు. అద్దం వెనక గుమాస్తా, "దరఖాస్తుదారు ఎవరండీ?" అంది. ఆయన ఒక్క క్షణం ఆగి, పక్కకు జరిగి, సూదమ్మకు చోటిచ్చాడు.

గుమాస్తా కాగితాలు ఒక్కొక్కటే తిరగేసింది. బీమా కాగితం దగ్గర ఆగి, అటూ ఇటూ తిప్పి, ఎవరికో ఫోను చేసి అడిగింది. ఆ కొద్దిసేపూ సూదమ్మ ఊపిరి పీల్చిందో లేదో ఆమెకే తెలియదు. వెనకనుంచి అత్తగారు గుసగుసగా, "వదులు, ఊపిరి వదులు" అంటోంది.

"సరిపోతుంది" అంది గుమాస్తా ఫోను పెట్టేసి. "మీమీద ఆధారపడ్డవాళ్ళు ఎంతమంది?"

సూదమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. "ఆధారపడ్డవాళ్ళెవరూ లేరండీ. కలిసి ఉండేవాళ్ళు ఇద్దరున్నారు."

"అలాంటి గడి లేదమ్మా ఇందులో."

"మీ గడిలో మీకేది కుదిరితే అది రాసుకోండి. మీరడిగారు కాబట్టి ఉన్నమాట చెప్పాను."

గుమాస్తా తలెత్తి ఆమెనూ, వెనక నిలబడ్డ ఇద్దరినీ చూసింది. ఇద్దరని రాసింది. తరవాత ముద్ర ఎత్తి, మూడు కాగితాల మీదా గట్టిగా గుద్దింది.

బయటికి వచ్చాక టీచరమ్మ నడివీధిలో కోడల్ని కావలించుకుని ఎత్తబోయింది. లిఫ్టాయన తల్లిని వారించి, తనే ఎత్తబోయి, నడుము గుర్తొచ్చి ఆగిపోయాడు. చివరికి ముగ్గురూ నవ్వుకుంటూ నడిచి దుకాణానికే పోయారు. ఇంటికి పోవాలని ఎవరికీ తోచలేదు.

ఆ మధ్యాహ్నమే ఒకాయన చిరిగిన స్టూళ్ళు రెండు పట్టుకుని దుకాణంలోకి వచ్చాడు. సూదమ్మ లోపలి గదిలో గుడ్డ కత్తిరిస్తోంది. గుమ్మం దగ్గర కొత్త బల్బు బిగిస్తున్న లిఫ్టాయన కనబడేసరికి ఆయన స్టూళ్ళు దించి, "ఓనరుగారూ, ఇవి ఎప్పటికవుతాయండీ?" అన్నాడు.

లిఫ్టాయన నిచ్చెన మెట్టు మీదే ఆగాడు. నోటిదాకా ఏదో వచ్చింది. మింగేశాడు. జాగ్రత్తగా ఒక్కో మెట్టే దిగి, చేతులు తుడుచుకుని, స్టూళ్ళను ఒకసారి తట్టి చూశాడు.

"ఆ సంగతి ఓనరమ్మ చెప్పాలండీ. కూర్చోండి, పిలుస్తాను" అన్నాడు. ఆ వచ్చినాయనను ఆకుపచ్చ కుర్చీలో కూర్చోబెట్టి, లోపలి గది వైపు తిరిగాడు. ఎలా పిలవాలా అని కాసేపు తటపటాయించాడు. పెళ్ళయినప్పటినుంచీ ఎన్నడూ పిలవని పిలుపు అది. గొంతు సవరించుకున్నాడు.

"ఏమండీ!"

లోపల కత్తెర చప్పుడు ఆగిపోయింది.

"ఏమండోయ్, మిమ్మల్నే! బేరం వచ్చింది."

"ఆఁ, వస్తున్నా" అంది సూదమ్మ.